జానీ మొండితనం

"మొన్న తెచ్చిన బెల్లం అత్తా! అప్పుడే డబ్బా అడుగు కనిపిస్తుండాది. చీమలు ఇంత తింటాయా?"

"చీమలు కాకపోతే నీ కూతురు. పొద్దస్తమానం ఆ డబ్బా చుట్టూనే గదా తిరిగేది."

"నేను తిన్లా అవ్వా!" మెర్లిన్ ఏడుపు మొహం పెట్టింది.

"తిన్లా అంటుండాది గదా పసిబిడ్డ. కావాలంటే నోరు వాసన చూడు," అంది అబిగయీలు.

"పొద్దున్నే బెల్లం పంచాయితీ ఏంది మీకు!" పెరట్లోంచి జడ్సన్ అరిచాడు.

అత్తాకోడళ్లు నోరు మూశారు. అత్త కరుణాకుమారి జావగిన్నె దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింటి వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెనకే అబిగయీలు వచ్చింది.

సరుగుడు గుంజకు కట్టేసిన జానీ ఇసకను గిట్టతో గీరుతోంది. నిండా మూడేళ్లు లేని గుర్రం. జడ్సన్ జీను భుజాన వేసుకుని దాని పక్కన నిలబడి ఉన్నాడు. చొక్కా కింద డాక్టరు ఇచ్చిన నడుం బెల్టు ఎత్తుగా కనిపిస్తోంది.

"మెర్లిన్ నాయనా, నా మాట విను. నడుములో రాడ్లు పెట్టుండారు. ఇంకోసారి గుర్రం మీంచి పడితే మనిషి లేచి నడవడని డాక్టరు నీ ముందే చెప్పినాడా లేదా?" మొగుణ్ణి నిలదీసింది అబిగయీలు.

"పడితే గదా!"

"ముత్తుకూరులో మా అన్న గోడౌన్ కాడ పని చూసినాడు. కుర్చీలో కూర్చొని వచ్చే లారీ, పోయే లారీ రాసుకునే పని. సాయంత్రానికల్లా ఏదో ఒకటి చెప్పమన్నాడు."

"కుర్చీలో కూర్చోడానికి నేను ముసలోణ్ణి కాదు. జానీ ఈరోజు జీను పట్టిందా, రేపు ఆదివారం మైపాడు బీచ్‌లో నేనే ఎక్కి సవారీలు తిప్పుతా. పట్టలేదా, అప్పుడు చూద్దాం మీ అన్న కుర్చీ."

"నువ్వన్నా చెప్పత్తా!"

"నేనేం చెప్పేది? అచ్చం వాళ్ల నాయనే. వద్దనేకొద్దీ బిగుసుకుంటాడు." కరుణాకుమారి కొడుకు వైపు తిరిగింది. "వెయ్యిరా అబ్బయ్యా జీను. చూద్దాం."

చెంపదెబ్బ తిన్నట్టు చూసింది అబిగయీలు.

జడ్సన్ పగ్గం విప్పి, గొంగళి మడిచి జానీ వీపున పరిచాడు. ఊరుకుంది. జీను పెట్టాడు. చెవులు వెనక్కి పెట్టింది. పొట్ట కింద పట్టీ బిగించబోయాడు. అంతే, వెనక కాళ్లు ఎగరేసి ఒళ్లంతా విదిలించింది. జీను ఇసకలో పడింది. జానీ తెరిచి ఉన్న గేటు వైపు పోలేదు, తోటలోకి పారిపోలేదు. నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి కరుణాకుమారి కొంగులో మూతి దూర్చింది.

"పిచ్చిముండ, బెదిరిపోయినాది," అంటూ ఆమె కొంగుతోనే దాని మూతి నిమిరింది.

రెండోసారీ అంతే.

"ఎన్ని గుర్రాలకు జీను మప్పినా నేను! దీనికేం రోగం?" జడ్సన్ నడుం పట్టుకుని ఇసకలో కూలబడ్డాడు. కాసేపటికి గుంజ పట్టుకుని లేచి, జానీ మొహం రెండు చేతుల మధ్యకు తీసుకున్నాడు. "ఒక్కసారి నిలబడు తల్లీ. నీకు దండం పెడతా. నాకు ఇంకో పని రాదు."

అబిగయీలు కళ్లు మూసుకుంది. మొగుడు గుర్రాన్ని బతిమాలుతున్నాడు. అది నిలబడకూడదని ఆమె దేవుణ్ణి బతిమాలుతోంది.

మూడోసారి జీను ఇంకా దూరం వెళ్లి పడింది. జానీ మళ్లీ గుమ్మం దగ్గరికి చేరింది. వెనక్కి లాక్కుపోదామని జడ్సన్ వచ్చాడు. పగ్గం అందుకుంటుంటే దాని పెదవులు అతని అరచేతికి తగిలాయి. ఆ చేతిని లుంగీకి తుడుచుకోబోయి ఆగాడు. వేళ్లు ఒకసారి మూసి తెరిచాడు, జిగటగా అంటుకున్నాయి. గుర్రాన్ని గుంజ దగ్గరికి నడిపించాడు.

ఈసారి జీను పెట్టి, ఒక పిడికిలి బిగించి దాని మూతి ముందు ఉంచాడు. జానీ ఆ పిడికిలిని వాసన చూస్తూ ఉండిపోయింది. రెండో చేత్తో పట్టీ లాగి బిగించాడు. కదల్లేదు. జీను మీద బరువు మోపాడు. తోకైనా ఊపలేదు.

"యేసయ్యా!" అబిగయీలు గోడకు ఆనుకుంది.

జడ్సన్ ఎడమ కాలు రికాబులో పెట్టాడు.

"వద్దురా అబ్బయ్యా!"

ఆ కేక పెట్టింది కరుణాకుమారి. కొంగు రెండు చేతులతో గుండెకు అదుముకుని గుమ్మం దిగి వచ్చేసింది.

జడ్సన్ తల్లి వైపు, ఆమె కొంగు వైపు చూశాడు. రికాబులోంచి కాలు తీశాడు. పట్టీ విప్పి, జీను దించి గోడ మీద పెట్టాడు. పిడికిలి తెరిచి, ఖాళీ చేత్తో జానీ మెడ తట్టాడు.

లోపలికి వచ్చి జావగిన్నె ముందు కూర్చున్నాడు. అందరూ అతన్నే చూస్తున్నారు.

"అబిగయీలూ, మీ అన్నకు ఫోన్ చెయ్యి. సోమవారం నుంచి వస్తానని చెప్పు," అన్నాడు నెమ్మదిగా. "జానీని యెహోషువకు అప్పజెబుతా. బీచ్‌లో వాడి గుర్రాలతో పాటు తిప్పుకుంటాడు. ఎట్టాగూ జీను పట్టింది గదా."

అతను చప్పటి జావ గ్లాసులో పోసుకుని ఒక గుక్క తాగి కింద పెట్టాడు.

"అమ్మా, ఇంక పాపను తిట్టమాక. జానీకి పెట్టంగా నీ కొంగు ముడిలో బెల్లం మిగిలుంటే పాప జావలో వెయ్యి."