డ్రింక్ అంటే?

“డ్రింక్ అంటే తాగడం. అంతేనా టీచరమ్మా, ఇంకేమైనా ఉందా?”

ముందు వరసలో కూర్చున్న దర్జీ ఆవిడ ఆ ప్రశ్న అడగడం అది మూడోసారి. లైబ్రరీ మేడ మీద గదిలో సాయంత్రం ఐదింటి నుంచి ఆరింటి దాకా పెద్దవాళ్లకు ఇంగ్లీషు క్లాసు జరుగుతుంది. తొమ్మిది మంది వస్తారు. అందరిలోకీ ఆమే పెద్దది, యాభై అయిదేళ్లుంటాయి. వాళ్ల వీధి చివరే ఇలాంటి క్లాసు ఇంకొకటి ఉన్నా రెండు బస్సులు మారి ఇక్కడికే వస్తోంది.

టీచరమ్మకు ఆమె వయసులో మూడింట రెండు వంతులుంటుంది, ఓపిక మాత్రం ఆమెకంటే రెట్టింపు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది.

“నీళ్లు తాగినా డ్రింకే, పాలు తాగినా డ్రింకే. కానీ ‘హి డ్రింక్స్’ అని ఊరుకున్నామనుకోండి, అర్థం మారిపోతుంది. మనం మాత్రం? ‘ఆయన తాగుతాడు’ అంటే పాలనుకుంటామా?”

క్లాసంతా నవ్వింది. వెనక వరసలోంచి లారీ డ్రైవరు అందుకున్నాడు.

“అక్క ఎవరి గురించో ఆరా తీస్తోంది టీచర్. కాబోయే అల్లుడేమో.”

“అలాంటిదే అనుకో తమ్ముడూ,” అంది దర్జీ, నవ్వకుండానే. మళ్లీ టీచరమ్మ వైపు తిరిగింది. “మరి ‘ఎ డ్రింక్’ అంటేనో? ముందు ఆ ‘ఎ’ చేరితే?”

“మంచి ప్రశ్న. అప్పుడది తాగే వస్తువు. విందులో అడిగితే మందు. ఎండలో ఆడుకొచ్చిన పిల్ల అడిగితే నీళ్లు. మాట ఒకటే. ఎవరు అడిగారు, ఎక్కడ అడిగారు అన్నది చూసుకోవాలి.”

దర్జీ ఆ ఆఖరి ముక్క నోటుపుస్తకంలో రాసుకుంది. రాసి, కింద గీత గీసింది.

క్లాసు అయిపోయింది. అందరూ మెట్లు దిగారు. ఆమె మాత్రం లేవలేదు. సంచీలోంచి ఒక కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం బల్ల మీద పరిచింది. మడతల దగ్గర చిరిగిపోతే పల్చటి గుడ్డ అంటించి ఉంది.

“ఇది చదివిపెడతారా?”

పరాయి దేశపు ఆస్పత్రి నుంచి ఒక నర్సు రాసిన ఉత్తరం అది. తేదీ చూస్తే ఇరవై ఎనిమిదేళ్ల కిందటిది. టీచరమ్మ ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతూ పోయింది. దర్జీ కాగితం వైపు చూడలేదు. చదివే మనిషి ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

“మీ భర్త జ్వరంతో మా దగ్గర పదకొండు రోజులు ఉన్నారు. మీ పేరూ, బాబు పేరూ తలుచుకుంటూ ఉండేవారు. ఆఖరి రోజు పొద్దున ‘ఎ డ్రింక్’ అడిగారు. నా చేత్తో నేనే ఇచ్చాను. రెండు గుక్కలు తాగి కళ్లు మూసుకున్నారు.” టీచరమ్మ ఆగింది. “ఇందులో మీకు అనుమానం ఎక్కడమ్మా?”

“ఆ మాట దగ్గరే. ఓడల రేవులో వెల్డింగ్ పనికి వెళ్తూ ఆయన నాకు మాటిచ్చాడు, ఇక ముట్టనని. రెండేళ్లూ ముట్టలేదనే రాశాడు. ఇది వచ్చిన రోజు, ‘మందు అడిగాడు’ అని చదివి చెప్పారు. ఏ మందు, జ్వరానికా అన్నాను. కాదు, సీసాలోది అన్నారు. పోయేముందు కూడా పెళ్లాం, బిడ్డ కాదు, సీసా కావలసొచ్చిందా అనుకున్నాను. ఆయన ఫొటో పెట్టె అడుగున పడేశాను. తండ్రి గురించి నా కొడుక్కి ఒక్క మంచి మాట చెప్పలేదు. సిగ్గుతో ఇంకెవరికీ ఈ కాగితం చూపించనూ లేదు.”

“మరి ఇప్పుడు?”

“మొన్న మనవరాలు బడి నుంచొచ్చి, ‘నానమ్మా, గివ్ మి ఎ డ్రింక్’ అంది. ఆరేళ్ల పిల్ల. నా గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే అది అడిగింది నీళ్లు.”

టీచరమ్మ ఉత్తరాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది.

“జ్వరంతో కాలిపోతున్న మనిషికి ఏ నర్సయినా మందు పోస్తుందా అమ్మా? ఆయన అడిగింది మంచినీళ్లు.”

దర్జీ కళ్లద్దాలు తీసి పైటకొంగుతో తుడుచుకుంది. పెట్టుకుంది. మళ్లీ తీసింది.

“రెండు గుక్కల మంచినీళ్లు,” అంది. “దానికి నేను ఇన్నేళ్లు ఆయనతో మాట్లాడలేదు.”

టీచరమ్మకు ఉండబట్టలేదు.

“అసలు ఎవరమ్మా అలా చదివింది? వచ్చీరాని ఇంగ్లీషుతో పచ్చని సంసారంలో నిప్పులు పోశారు. నాకు కనిపిస్తే నిలబెట్టి కడిగేస్తాను.”

“అంత మాటనకండి. పక్క వాటాలో ఉండే చిన్నపిల్ల. తొమ్మిదేళ్లు. వచ్చినంత చదివింది.”

“ఇప్పుడెక్కడుందో తెలుసా?”

“ఎక్కడున్నా చల్లగా ఉండనీండి.” ఆమె ఉత్తరం మడిచి లేచింది. “ముందు మావాడికి చెప్పాలి. ఒక్క పూటలో నమ్ముతాడో లేదో.”

గుమ్మం దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆ పిల్ల తండ్రి రోజూ తాగొచ్చి ఇల్లు పీకి పందిరి వేసేవాడనీ, ఆ ఇంట్లో ఆ మాటకు ఇంకో అర్థమే ఉండేది కాదనీ, ఉత్తరం చదివి తనకంటే ముందు ఆ పిల్లే ఏడ్చిందనీ, ఆ నెలలోనే వాళ్లు ఆ వాటా ఖాళీ చేసి వెళ్లిపోయారనీ ఆమె చెప్పలేదు. రేపు వస్తానని మాత్రం చెప్పి, రెయిలింగు పట్టుకుని మెట్లు దిగింది.

ఆ పిల్లే ఈ టీచరమ్మ.