నలభై దగ్గర ముల్లు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. వంటింట్లో బుచ్చమ్మ అత్త. ముందుగదిలో ఆమె తమ్ముడు పోచయ్య, పొద్దున్నే ఊరి నుంచి దిగాడు. లోపలి గదిలో అతని కూతురు అనుపమ, పక్క మంచం అద్దెకు తీసుకున్న కాకినాడ అమ్మాయి సుమశ్రీ. ఇంకా, పోచయ్య కింద మందుల షాపులో అడిగి తెచ్చిన బరువు చూసే మిషన్.

దాన్ని చూసినప్పటి నుంచి అనుపమ గది దాటి రాలేదు.

"కామెర్లు తగ్గి నెలన్నర దాటె," ముందుగదిలోంచి పోచయ్య గొంతు. "నలభై కిలోలుంటెనే ఈడ చదువు. లేకుంటె ఎంబడి తోల్కొస్తనని మీ అమ్మకు మాటిచ్చిన. ఒక్క గీత తగ్గినా సంచి సర్దుకో బిడ్డా."

ఊరికి పోతే మళ్ళీ పంపరు. అమీర్‌పేటలో సగం నేర్చిన జావా కంప్యూటర్ కోర్సు సగంలోనే ఆగిపోతుంది. నిన్ననే మందుల షాపుకెళ్ళి అదే మిషన్ ఎక్కి చూసుకుంది. ముప్పై ఎనిమిది.

"ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవే," అంది సుమశ్రీ గుసగుసగా.

"మా నాయిన మార్కెట్ యార్డుల వడ్లు తూస్తడు. పంచె అంచు బస్తాకు తగిలినా మల్ల మొదటిసంది తూస్తడు. ఆయన ముంగట నడవదు."

"అయితే మన బిల్డింగ్ లిఫ్టే దిక్కు. మాస్ మారదు, వెయిట్ మారుతుంది."

ద్రవ్యరాశి, భారం. అనుపమ మనసులోనే తెలుగులోకి మార్చుకుంది. బడిలో సారు చెప్పిందే. ఒంట్లో ఉన్న పదార్థం ఎక్కడికి పోయినా అంతే. భూమి దాన్ని లాగే బలమే భారం.

"మిషన్‌ని నువ్వెంత నొక్కితే అది అంతే చూపిస్తుంది," అంది సుమశ్రీ. "లిఫ్ట్ పైకి కదిలే క్షణంలో ఎక్కువ నొక్కుతావు. ముల్లు నలభై దాటుతుంది. బటన్ నేను నొక్కుతాగా."

"దొరికిపోతే?"

"నాకేం? ఊరెళ్ళేది నువ్వేగా!"

అనుపమకు నవ్వు రాలేదు.

"బాబాయ్ గారూ, ఇంట్లో గచ్చు ఎగుడుదిగుడండీ," సుమశ్రీ బయటికెళ్ళి చెప్పింది. "లిఫ్ట్‌లో అయితే సమంగా ఉంటుంది."

పోచయ్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "నిజమే. కాంట సమంగుండాలె. పాండ్రి."

చెప్పులు లిఫ్ట్ బయటే విడిచి, మిషన్ లోపల పెట్టాడు. అనుపమ ఎక్కింది. ఇరుకు లిఫ్ట్. తండ్రి ఆమెకు ఆనుకునే నిలబడ్డాడు. సుమశ్రీ కటకటాల తలుపు లాగి, నాలుగో అంతస్తు బటన్ నొక్కింది.

కరెంటు పోయింది.

లిఫ్ట్ అంగుళం కదల్లేదు. మెట్ల కిటికీ నుంచి కొద్దిగా వెలుతురు పడుతోంది. ఇక సంచి సర్దుకోవడమే. అనుపమ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నలభై ఒకటి," అన్నాడు పోచయ్య.

కళ్ళు తెరిచింది. నిజంగానే నలభై ఒకటి.

"కదిలిందా?" సుమశ్రీ చెవిలో అడిగింది.

"లేదు."

అదే భూమి, అదే ద్రవ్యరాశి. మరి మూడు కిలోలు ఎక్కడివి? మిషన్ చెడిందా? నాయిన మళ్ళీ తూస్తానంటే?

పోచయ్య మళ్ళీ తూస్తాననలేదు. లైటు వెలిగింది. "దిగుండ్రి," అని తలుపు తీశాడు. "మిషన్ కింద ఇచ్చి, పంజాగుట్టల బస్సెక్కుత. ఆ చెప్పులిటియ్యి."

"అన్నం తిని పోరాదే నాయినా?"

"నువ్వు తిను. మంచిగ తిను బిడ్డా." ఆమె మొహం చూడకుండానే కటకటాల తలుపు ధడాలున వేసేశాడు.

బయట నిలబడ్డ అనుపమ కమ్మీల సందులోంచి మిషన్ వైపు చూసింది. దాని మీద ఎవరూ లేరు. ముల్లు మాత్రం మూడు దగ్గరుంది.

నాయిన బొటనవేలు ఇంకా దాని అంచు మీదే ఉంది.