గడప లేని గది

ఇంటి గడపకు పసుపు రాసి, మిగిలిన పసుపుతో భాగ్య పక్కనున్న షెడ్డు వైపు నడిచింది. మొన్నటిదాకా అందులో ఆమె మేకలు ఉండేవి. "మేకల్ని అమ్మేయి, నీ కుట్టుమిషనుకు మంచి గది చేసిస్తా" అన్నాడు అన్న వీరాంజనేయులు. అమ్మేసింది.

లోపల అన్న ప్లాస్టిక్ టైల్సును ఒకదాని కొక్కేలు ఇంకోదాంట్లో దూర్చి, రబ్బరు సుత్తితో కొడుతున్నాడు.

"మన మార్కాపురం బండలు పరిచింటే పోయేది గదన్నా?" ముంగిట్లోనుంచే అడిగింది.

"బండలు పగుల్తాయి. ఇవి ఎంత బరువైనా ఆపుతాయి."

"నా మిషను అంత బరువా?"

"నువ్వూ కూచుంటావు గదమ్మే!"

నవ్వుకుంటూ, పసుపు రాయడానికి షెడ్డు వాకిట్లో వంగింది. చెయ్యి ఆగిపోయింది. నిన్నటిదాకా ఉన్న రాతి గడప లేదు. దాని చోట వీధిలోకి ఏటవాలుగా దిగే టైలు ముక్కలున్నాయి.

"గడప ఏందన్నా, తీసేసినావు?"

సుత్తి ఆగింది. అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తున్న తల్లి వీరమ్మ తల ఎత్తలేదు.

"అమ్మా, నీకు తెలుసా?"

"అన్న కారు కొంటున్నాడు గదా, గడప ఉంటే చక్రాలు ఎట్ల ఎక్కుతాయి? నీ మిషను వంటింట్లో ఏసుకుందువులే."

"మరి ఈ టైల్సు రంగు నన్నెందుకు ఎంచమన్నావన్నా?"

"నీకు రంగులు బాగా తెలుసు గదా అని."

భాగ్య పసుపు గిన్నె అక్కడే పెట్టింది. ఇంట్లోకి పోయి చేతిమిషను చంకనెత్తుకుంది. పుట్టినప్పటి నుంచి దాటడమే తప్ప ఎన్నడూ తొక్కని ఇంటి గడప మీద, ఆ తడి పసుపు మీద అడుగేసి, వీధిలోకి వెళ్లిపోయింది.