వాసనమ్మ

"అమ్మాయీ, ఏమైనా వాసన వస్తోందా?"

గుమ్మంలో నిలబడి ముసలావిడ మళ్లీ అదే అడిగింది.

కుట్టుపనావిడ మిషను ఆపింది. ఎదురుగా బడి యూనిఫాంల గుట్ట. సాయంత్రానికి ఇచ్చెయ్యాలి.

"ఇంకా పొయ్యే వెలిగించలేదండీ. వండాక కబురు చేస్తాలెండి."

"కూర సంగతి కాదు తల్లీ. ఏదైనా చెడు వాసన..."

"మా ఇంట్లో చెడు వాసనేమిటండీ?"

కుట్టుపనావిడకు ఒళ్లు మండింది. పొద్దున లేచి ఇల్లంతా తుడుచుకున్న మనిషికి అంతకన్నా అవమానం ఏముంటుంది?

"అది కాదమ్మా, నాకు..." అంటూ ముసలావిడ ఏదో చెప్పబోయింది.

అప్పటికే మిషను కదిలింది. మిగతా మాట ఆ చప్పుడులో కలిసిపోయింది.

ముసలావిడ వీధి చివర, కింది గదిలో ఒంటరిగా ఉంటుంది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. పొద్దున్నే ఎవరో ఒకరి తలుపు తట్టి ఈ ఒక్క ముక్కా అడిగి పోతుంది.

"ఎవరింట్లో ఏం వండుతున్నారో తెలియకపోతే ఆవిడకు నిద్రపట్టదు. ముఖం ఇచ్చావో, రోజూ నీ గుమ్మంలోనే ఉంటుంది," అని పక్కింటావిడ ముందే హెచ్చరించింది.

వీధి వీధంతా చాటుగా ఆవిడను వాసనమ్మ అనేది. ఎదురుపడితే మాత్రం అందరూ నవ్వు ఆపుకునేవారు.

మరో రోజు పొద్దున మళ్లీ తలుపు చప్పుడైంది.

కూతురు తలుపు తీయబోయింది.

"తీయకే. తీస్తే కదలదు," అంది తల్లి.

"అమ్మాయీ, ఏమైనా వాసన వస్తోందా?"

నిజానికి వస్తోంది. తెల్లవారినప్పటి నుంచీ కుళ్లిన గుడ్ల కంపు కొద్దికొద్దిగా వస్తూనే ఉంది. మురుగుకాలువ కంపు కాబోలనుకుంది కుట్టుపనావిడ. ఆ మాట అంటే మళ్లీ ఏం వినాల్సి వస్తుందో.

"ఏ వాసనా లేదండీ. వెళ్లి రండి," అని లోపలి నుంచే కేకేసింది.

"సరే తల్లీ. అయితే వెళ్లి పొయ్యి వెలిగించుకుంటాను."

చెప్పుల చప్పుడు మెల్లగా దూరమైంది.

కాసేపటికే కంపు ఒక్కసారిగా ముదిరింది. ముక్కుపుటాలు మండాయి. బయట పక్కింటావిడ అరుస్తోంది.

"గ్యాసు! వీధి కింద పైపు పగిలింది. అందరూ బయటికి రండి!"

కుట్టుపనావిడ యూనిఫాంలు ఎక్కడివక్కడ వదిలేసి, కూతుర్ని చంకనెత్తుకుని పరుగెత్తింది. జనమంతా రోడ్డు అవతలికి చేరారు.

"అందరూ వచ్చినట్టేనా?" అన్నారెవరో.

ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కుట్టుపనావిడ కళ్లు నెరిసిన తల కోసం వెతికాయి. కనిపించలేదు. పొయ్యి మాట గుర్తొచ్చింది.

పిల్లను పక్కింటావిడ చేతిలో పెట్టి వెనక్కి పరుగు తీసింది.

నాలుగడుగులు వేసిందో లేదో, వీధి చివర పెద్ద చప్పుడైంది.

మర్నాడు గ్యాసు భద్రతా అధికారి వచ్చాడు. తల పండిన మనిషి. కాలిన గది ముందు చాలాసేపు నిలబడిపోయాడు.

"అంత కంపు కొడుతుంటే ఆవిడ ఎందుకు బయటికి రాలేదండీ?" అడిగింది పక్కింటావిడ.

"ఆవిడను నేనెరుగుదునమ్మా. ఆవిడకు వాసన తెలియదు. ఎప్పుడో తలకు దెబ్బ తగిలి ఆ శక్తి పోయింది."

కుట్టుపనావిడ అక్కడే కూలబడిపోయింది. ఒక్క మాట, ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే చాలు. తలుపు కూడా తీయనక్కర్లేదు.

పక్కింటావిడ కళ్లు తుడుచుకుంది. "దేవుడు ఆ కంపు ఇచ్చాడు కాబట్టి మేమైనా మిగిలాం."

"దేవుడిచ్చింది కాదమ్మా," అన్నాడు అధికారి. "ఈ గ్యాసుకు సొంతంగా వాసనే ఉండదు. ఒకప్పుడు ఈ లైన్లలో ఏమీ కలిపేవారు కాదు. పైపు పగిలినా ఎవరికీ తెలిసేది కాదు. అలాగే ఒక ఇల్లు పేలి ఇద్దరు పిల్లలు పోయారు. వాసన కలపాలని బిల్లు పెడితే, ఖర్చు ఎక్కువని కంపెనీలు అడ్డుపడ్డాయి. ఆ బిల్లు ఏళ్ల తరబడి మూలపడింది. ఆ పిల్లల తల్లి మాత్రం శాసనసభ గుమ్మం వదల్లేదు. కనబడిన ప్రతి సభ్యుడి కాళ్లావేళ్లా పడి, చివరికి చట్టం చేయించింది."

ఆయన కాలిన గదికేసి చెయ్యి చూపించాడు.

"నిన్న మిమ్మల్నందరినీ బయటికి తరిమిన ఆ కంపు, ఈవిడ పెట్టించిందే."