మొదటి వరుస మధ్య కుర్చీ

"ఆ మైకు కాస్త కిందకి దించుకో" అన్నాడు తండ్రి, ఖాళీ హాలంతా మోగేలా.

కూతురు పళ్లు కొరుక్కుంది. కచేరీకి ఇంకా రెండు గంటల టైముంది. కుర్చీలు సర్దేవాళ్లు కూడా టీకి పోయారు. ఈయన మాత్రం అప్పుడే వచ్చి, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు మొదటి వరుసలో సరిగ్గా మధ్య కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. పైగా ఆ గొంతొకటి! ముప్పై ఏళ్లు బట్టల మిల్లులో మగ్గాల మోత మధ్య బతికిన మనిషిని మెల్లగా మాట్లాడమంటే మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

"చివర్న మన మిల్లు పాటేగా?" అని అడిగాడు మళ్లీ.

ఇంకా అనుకోలేదంది కూతురు, కింద పడిన వైరు చుడుతూ. పక్క కుర్చీలోంచి తల్లి భర్త మొహంలోకి చూసి, "ఇంకా అనుకోలేదటండీ" అంది. ఆవిడకి ఎవరేమన్నా రెండోసారి చెప్పే జబ్బు పట్టుకుని చాలా రోజులైంది. కూరలో ఉప్పు చాలలేదన్నా సరే, ఆవిడ వంత పాడాల్సిందే.

మిల్లు పాటంటే ఆ ఇంట్లోవాళ్లు పెట్టుకున్న పేరు. మధ్యాహ్నం భోజనాల వేళ మిల్లు లౌడుస్పీకర్లో తిప్పి తిప్పి వేసిన నాలుగైదు పాటల్లో అదొకటి. అప్పటికి తండ్రికి పంతొమ్మిదేళ్లు. నూలు విభాగంలో పనిచేసే ఒకమ్మాయి టిఫిన్ డబ్బా మూత మీద దానికి తాళం వేస్తుంటే చూశాడు, మరుసటేడు పెళ్లాడాడు. కూతురు మాటలకంటే ముందు ఆ పాటే నేర్చింది.

అంతవరకూ బాగానే ఉంది. కానీ సంగీతం కాలేజీకని ఊరు విడిచిపెట్టిన ఈ తొమ్మిదేళ్లలో ఆమె సొంతంగా నలభై పాటలు కట్టింది. ఊళ్లోవాళ్లు మెచ్చుకున్నారు, పత్రికలవాళ్లు రాశారు. కన్నతండ్రి మాత్రం, "బాగుంది. అది సరేగాని, మిల్లు పాట పాడు" అనేవాడు. ఫోనులో వినిపిద్దామంటే ఆయనకి ఫోనంటేనే పడదు. పోయినేడు కచేరీలో మరీ ఘోరం. ఆమె సొంత పాట సగంలో ఉండగా లేచి, అందరూ చూస్తుండగా నడుచుకుంటూ పోయి గోడవారన నిలబడ్డాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆమెకి ఏడాదంతా నిద్రలో కూడా వినిపించింది.

కీబోర్డు వాయించే స్నేహితురాలు చాలాసార్లు సర్దిచెప్పింది. "పంతొమ్మిదేళ్లప్పుడు విన్నవి ఎముకల్లో ఇంకిపోతాయే. తర్వాత ఎన్ని విన్నా పైపైనే. ఆయన తప్పేం లేదు, వయసు తప్పు" అని.

కావచ్చు. అందుకే ఈసారి పాటని ఆయన మీదే కట్టింది. చొక్కా నిండా దూదిపింజలతో సాయంత్రం ఇంటికొచ్చే తండ్రి, గుమ్మంలో దులుపుకుంటుంటే కింద నిలబడి మంచు పడుతోందని చేతులు చాచిన పిల్ల. ఆరు నెలలు పట్టింది. ఇది కూడా ఆయన్ని కదిలించకపోతే ఇక ఈ జన్మలో నాన్నని కచేరీకి పిలవకూడదని ఒట్టు పెట్టుకుంది.

హాలు నిండింది. పాటలన్నీ అయ్యాక, మిల్లు పాట పాడాల్సిన చోట ఆమె దూదిపింజల పాట ఎత్తుకుంది. మైకు దించలేదు. కావాలనే దించలేదు.

రెండో చరణానికి వెనక వరుసల్లో ముక్కులు చీదుతున్న చప్పుడు వినబడింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తండ్రి మాత్రం మెడ అటూ ఇటూ సాచి, కళ్లు చికిలించి, చివరికి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. పాట ముగిసింది. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన పక్కవాళ్లని ఓసారి చూసి, అప్పుడు లేచాడు.

తెర వెనక గదిలో ఆమె గోడవైపు తిరిగి, చెవి కమ్మలు తీసి బల్ల మీద పడేసింది. తల్లిదండ్రులు లోపలికొచ్చారు.

"ఇక నా కచేరీలకి రావద్దు నాన్నా" అంది వెనక్కి తిరక్కుండానే. "నీ మీద కట్టిన పాటకే నీ మొహంలో చలనం లేకపోతే, నాకు తండ్రి ఉండీ లేనట్టే."

జవాబు రాలేదు. ఈసారి తల్లి కూడా ఆ మాట రెండోసారి చెప్పలేదు. కూతురు తిరిగి చూస్తే ఆయన గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని, నవ్వుతూ తననే చూస్తున్నాడు. దానితో ఆమె ఒళ్లు మండిపోయింది. ఎదురుగా వెళ్లి నిలదీసింది.

"మిల్లు పాటలో ఏముంది? నా పాటలో ఏం తక్కువైంది? ఒక్కటి చెప్పు నాన్నా."

ఆయన నవ్వు ఆరిపోయింది. భార్య వైపు చూశాడు. ఆవిడ ఏడుస్తూ, ఇక చెప్పెయ్యమన్నట్టు తలూపింది.

"నీ పాటలో తక్కువేం లేదు తల్లీ" అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు తగ్గింది. "పాత పాటైతే నీ పెదాలు చూస్తే చాలు, వరస దానంతటదే లోపల మోగుతుంది. కొత్తదానికి వరస నేనెక్కణ్ణుంచి తెచ్చుకోను? చెబితే చదువూ పాటలూ మానేసి వచ్చేస్తావని మీ అమ్మ నోరు కూడా నేనే మూయించాను."

"ఏం చెబితే?"

"నువ్వు కాలేజీకెళ్లిన నెలకే నా చెవులు పూర్తిగా పోయాయమ్మా."