చేతిలో ఉండిపోయిన ఫ్యూజు

ఫ్యూజు చేత్తో పట్టుకుని షాపు బయటికొచ్చిన మెకానిక్ గుండె గుభేలుమంది. కారు లేదు.

నేల మీద తెగిన వైరు ముక్కలున్నాయి, టేపు చుట్ట ఉంది. కారు మాత్రం అల్లంత దూరాన వీధి మలుపు తిరుగుతోంది. తను ఇప్పుడే బిగించిన స్పీకర్లు ధబ్ ధబ్ మంటూ కిటికీలన్నిటినీ అదరగొడుతున్నాయి. ఇంకో రోజయితే ఆ మోత విని మీసం మెలేసేవాడే. ఇవాళ చేతిలోని ఫ్యూజు వంక చూసుకున్నాడు.

బ్యాటరీ నుంచి డిక్కీలోని ఆంప్లిఫయర్ దాకా వేలు లావు ఎర్ర వైరు లాగాడు. ఇంజనుకీ సీట్లకీ మధ్య ఇనప రేకులో ఉన్న కన్నంలోంచి ఆ వైరు దూరుతుంది. ఆ కన్నానికి రబ్బరు తొడుగు వెయ్యాలి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాలి. రెండూ చెయ్యలేదు! స్పీకర్లు ఎలా పలుకుతాయో విందామన్న ఆత్రం కొద్దీ వైరును తిన్నగా బ్యాటరీకి తగిలించేశాడు. పాట అందుకుంది. అది ఆపకుండా, కారు తాళం తియ్యకుండానే ఫ్యూజు కోసం లోపలికెళ్లాడు.

కారు కుదుపులకి రేకు అంచు వైరును కోస్తుంది. లోపలి రాగి తీగ ఆ ఇనప రేకుకి తగిలితే ఆపడానికి ఫ్యూజు లేదు, నిప్పే. కరెంటుతో నడిచే తలుపుల లాకులు కూడా బిగుసుకుపోవచ్చు. మరి లోపలి మనిషి?

షాపు స్కూటరెక్కి వెంటపడ్డాడు.

"ఆపు! బాబూ, ఆపు! నిప్పంటుకుంటుంది!"

ఆ హోరులో వినపడితేగా! స్టీరింగు ముందున్న మనిషి అద్దంలో ఒక్కసారి చూసి, ఇంకాస్త వేగం పెంచాడు. అతన్ని మాత్రం ఏమనగలం? ఒంటినిండా మసి, రేగిన జుట్టు, గాల్లో ఊపుతున్న కటింగ్ ప్లేయరు. అలాంటి శాల్తీ వెంటపడితే ఎవరాగుతారు?

సిగ్నల్ దగ్గర ఫోను మోగింది. షాపు ఓనరు.

"ఎక్కడ చచ్చావురా?"

"కారు వెనకాలే ఉన్నానన్నా. ఫ్యూజు పెట్టలేదు. కాలిపోద్ది!"

"కాలితే కాలనీ! వాడి ఖర్మ. నేను ఫోన్ చేశాలే, వాళ్లు చూసుకుంటారు. నువ్వొచ్చెయ్."

"మనిషి చచ్చిపోతాడన్నా!"

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

మెకానిక్ ఫోను కట్ చేసేశాడు. ఇన్నేళ్లుగా నోరారా అన్నా అని పిలిచిన మనిషి ఇంత రాతిగుండెవాడా అనుకుంటూ మళ్లీ స్కూటరు ఉరికించాడు.

వంతెన ఎక్కేసరికి కారు మళ్లీ కనబడింది. బానెట్ సందులోంచి సన్నగా పొగ వస్తోంది.

"దేవుడా, ఒక్క నిమిషం. ఒక్క నిమిషం ఆగు" అని గొణుక్కుంటూ స్కూటరు హ్యాండిల్ మెలితిప్పాడు.

పాట టక్కున ఆగిపోయింది. కారు రోడ్డు పక్కకి ఒరిగి నిలబడింది. లోపలి మనిషి రెండు చేతులతో అద్దాన్ని బాదుతున్నాడు. తలుపు రావడం లేదు.

మెకానిక్ స్కూటర్ని రోడ్డు మీదే పడేసి పరుగెత్తాడు.

"మొహం అటు తిప్పుకో!"

ప్లేయరుతో అద్దం పగలగొట్టాడు. చంకల్లో చేతులేసి మనిషిని బయటికి లాగాడు. మళ్లీ లోపలికి వంగి, మీట లాగి, బానెట్ ఎత్తి, బ్యాటరీ దగ్గర ఎర్ర వైరును పుటుక్కున కత్తిరించాడు. పైతొడుగు బొగ్గయిపోయింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరికీ నూకలు చెల్లేవి.

ఆ మనిషి రోడ్డు మీద కూలబడి అతని కాళ్లు చుట్టేసుకున్నాడు. "అన్నా... నా ప్రాణం నిలబెట్టావన్నా..." అని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

మెకానిక్ స్కూటర్లోని నీళ్ల సీసా తెచ్చి, పక్కనే చతికిలబడి అతనికి తాగించాడు. వీపు నిమిరాడు.

"ఏం కాలేదులే. నెమ్మదిగా ఊపిరి తీసుకో."

ఇద్దరికీ రొప్పు తగ్గాక, అతని చొక్కా కాలరు గట్టిగా దొరకబుచ్చుకుని అప్పుడడిగాడు: "ఇక చెప్పరా దొంగా, నేనలా ఫ్యూజు కోసం లోపలికెళ్లానో లేదో, షాపుకొచ్చిన కారు ఎత్తుకుపోతావా?"