చదవకుండా తిట్టిన నవల

కాకినాడలో సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటులో నూకరత్నం, వకుళ పన్నెండేళ్లుగా ఒకే షిఫ్టు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పగానే మాయాలోకాల నవలల మీదా, అంతరిక్షం నవలల మీదా పోట్లాట మొదలుపెట్టేవారు. ఇప్పుడు ఊళ్లో అందరికీ ఉన్నట్టే వకుళ చెవిలోకీ ‘తోడు’ వచ్చింది. మనతోపాటే పుస్తకం చదివి, దాని గురించి మనతో కబుర్లాడే చిన్న యంత్రం అది. అన్నం కలుపుకుంటూ వకుళ దానితోనే మాట్లాడి నవ్వుతుంటే నూకరత్నానికి ముద్ద మింగుడుపడేది కాదు.

“ఈ కుజగ్రహం నవల ఎంత బాగుందో! తోడుకి కూడా తెగ నచ్చేసింది,” అంది వకుళ ఒకరోజు.

“చెత్త నవల. సగంలో పారేశాను,” అంది నూకరత్నం. నిజానికి ఆమె దాని అట్ట కూడా తెరవలేదు.

“సగంలో ఏమవుద్దో చెప్పు.”

నూకరత్నం గబగబా క్యారేజీ సర్దబోయింది. వకుళ పుస్తకం తెచ్చి ఆమె ఒళ్లో పడేసింది.

“చదివి తిట్టవే, పడతాను. చదవకుండా తిడితే ఒళ్లు మండిపోద్ది.”

తప్పులు పట్టాలనే పంతంతో నూకరత్నం ఆదివారమంతా చదివింది. ఒక్కటీ దొరకలేదు. ఆ యంత్రం మాటే నిజమైనందుకు ఆమెకు ఇంకా కుళ్లు పుట్టింది. అయినా సోమవారం ఒప్పుకుంది.

“బాగుందే. ఏడిపించేసింది.”

వకుళ తినడం ఆపింది. చెవిలోంచి తోడుని తీసి క్యారేజీ మూతలో పెట్టి, దగ్గరికి జరిగింది.

“ఎక్కడ ఏడ్చావు? నేను ఏడ్చిన చోటేనా?”